హస్త పక్కన రెండు గెలాక్సీలు



హస్త కార్తె సంగతి మన పల్లెల్లో తెలియనివారు ఉండరు. సెప్టెంబరు ఆఖరున మొదలై అక్టోబరు రెండో వారం దాకా నడుస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు హస్తా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి ఆ చుక్కలు మన కంట పడవు. వాటిని చూడాలంటే ఆర్నెల్లు ఆగాలి. మార్చి నెలాఖరులోనో ఏప్రిల్‌లోనో రాత్రి పదకొండు గంటల వేళ డాబా ఎక్కి దక్షిణం వైపు తిరిగి నిలబడండి. తల కాస్త పైకెత్తితే నాలుగు చుక్కలు, ఓ పక్కకు ఒరిగిన చతురస్రంలా కనిపిస్తాయి. ఐదోది వాటికి దగ్గర్లోనే ఉంటుంది. మనవాళ్ళు ఆ ఐదింటినీ కలిపి అరచెయ్యి అన్నారు. గ్రీకులు కాకి అన్నారు.

ఆ చతురస్రంలో పైన, కుడి మూలనున్న చుక్కను గుర్తుపెట్టుకోండి. అక్కణ్ణుంచి ఇంకా కుడికి, అంటే పడమరకు, మూడు డిగ్రీల పైచిలుకు జరిగి, కొంచెం కిందికి దిగాలి. ఆరేడు నిండు చందమామల్ని వరసగా పేర్చినంత దూరం. అక్కడ కంటికి ఏమీ కనిపించదు. ఆ ఏమీ కనిపించని చోటే రెండు గెలాక్సీలు ఢీకొని ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. 1785 ఫిబ్రవరిలో విలియం హెర్షెల్ తన టెలిస్కోపులో వాటిని మసక మచ్చగా చూశాడు. ఖగోళ పట్టికల్లో వాటి నంబర్లు ఎన్‌జీసీ 4038, ఎన్‌జీసీ 4039. బొద్దింక మీసాల్లాగా చెరో వైపుకూ సాగిన రెండు పొడుగాటి తోకలు ఉండటంతో యాంటెన్నా గెలాక్సీలన్న పేరు స్థిరపడిపోయింది.

ఈ జంటను ఫోటో తియ్యడం గురించే ఈ పూట మాట్లాడతాను. మన డాబా మీంచి కాదు, ఎక్కడో ఉన్న టెలిస్కోపుతో, మన ఇంట్లో కూర్చుని తియ్యడం గురించి. ఈ ఫోటోలో వెలుగంతా నడిమధ్యన ఉంటుంది. అసలు కథ మాత్రం తోకల్లో ఉంటుంది. ఆ తోకలే మన ఊళ్ళ ఆకాశంలో కనిపించకుండా పోయాయి. దూరపు టెలిస్కోపు అవసరం అక్కడే వచ్చింది.

విజయవాడ నుంచి చూసినా, హైదరాబాదు నుంచి చూసినా ఈ గెలాక్సీలు దక్షిణాన 54 డిగ్రీల ఎత్తు దాకా వస్తాయి. ఎత్తు తక్కువేం కాదు. చిక్కల్లా వెలుతురుతోనే. ఆ తోకల వెలుగు ఎంత పలచనిదంటే, కరెంటు దీపం అనేదే లేని చోట కూడా రాత్రి ఆకాశానికి సహజంగా ఉండే లేత వెలుగులో అది చిన్న భాగం మాత్రమే. నగరం మీది ఆకాశం ఆ సహజమైన వెలుగుకు పదుల రెట్లు ఎక్కువ. వీధిదీపాలు, హోర్డింగులు, అపార్టుమెంట్ల మీది ఫ్లడ్ లైట్లు అన్నీ పైకి చిమ్మి, ధూళికి తగిలి తిరిగి కెమెరాలోకే దిగుతాయి. గెలాక్సీల నడిమధ్య భాగం అంత వెలుతుర్లోనూ పడుతుంది, తోకలు మాత్రం పడవు. ఎంత ఖరీదైన టెలిస్కోపు కొన్నా డాబా మీద ఇది తప్పదు.

అందుకని ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం, కూనబరాబ్రాన్ అనే చిన్న ఊరి దగ్గరున్న సైడింగ్ స్ప్రింగ్ కొండను ఎంచుకున్నాను. వారంబంగిల్ పర్వతాల్లో అది సుమారు 1,165 మీటర్ల ఎత్తున ఉంటుంది. 3.9 మీటర్ల ఆంగ్లో ఆస్ట్రేలియన్ టెలిస్కోపు ఉన్నది ఆ కొండ మీదే. పక్కనున్న వారంబంగిల్ జాతీయ వనాన్ని 2016లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఆ దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి వనం అదే. చుట్టుపక్కల దీపాలు పైకి వెలుగు చిమ్మకుండా నిబంధనలు ఉన్నాయి. 2013 జనవరిలో కార్చిచ్చు ఆ కొండనెక్కి కొన్ని భవనాలను కాల్చేసింది కానీ టెలిస్కోపులు చాలావరకు దక్కాయి. ఆ పెద్ద టెలిస్కోపుల చుట్టూ, జరిగే కప్పులున్న షెడ్లలో, గంటల లెక్కన అద్దెకు దొరికే చిన్న టెలిస్కోపులు ఉన్నాయి. అక్కణ్ణుంచి యాంటెన్నా గెలాక్సీలు దాదాపు నడినెత్తి మీదికి వస్తాయి. నడినెత్తిన ఉన్నప్పుడు వాటి కాంతి దాటాల్సిన గాలి పొర పలచనవుతుంది.

మన సాయంత్రం ఏడు గంటలకు, ఏప్రిల్ నెలలో, అక్కడ రాత్రి పదకొండున్నర. దాదాపు ఆ వేళకే గెలాక్సీలు నడినెత్తికి చేరతాయి. ఉద్యోగం చేసుకునేవారికి ఇంతకంటే అనువైన వేళ ఏముంటుంది! ఇక్కడ దీపాలు పెట్టే వేళకు అక్కడ టెలిస్కోపు పని మొదలవుతుంది.

టెలిస్కోపును మనం చేత్తో తిప్పేది ఏమీ లేదు. ముందుగా ఓ ప్రణాళిక రాసి పంపాలి. ఏ వస్తువు, ఏ ఫిల్టరు, ఒక్కో ఎక్స్‌పోజరు ఎన్ని సెకన్లు, ఎన్ని ఫ్రేములు అన్నది అందులో ఉంటుంది. వేళ కాగానే షెడ్డు కప్పు జరుగుతుంది. టెలిస్కోపు ఆ దిక్కుకు తిరిగి ముందు ఓ చిన్న ఫోటో తీస్తుంది. అందులోని చుక్కల అమరికను నక్షత్ర పట్టికతో పోల్చుకుని, తను ఎక్కడ చూస్తున్నదీ తనే తేల్చుకుంటుంది, తేడా ఉంటే సవరించుకుంటుంది. ఫోకసు కూడా తనే సరిచేసుకుంటుంది. భూమి తిరుగుతున్నా చుక్క కదలకుండా ఉండేందుకు ఓ నక్షత్రాన్ని గురిపెట్టి వెంటాడుతూ ఉంటుంది. మబ్బు పట్టినా, తేమ పెరిగినా, గాలి జోరందుకున్నా సెన్సర్లు పసిగట్టి కప్పు మూసేస్తాయి. కెమెరాను సున్నాకు కింద ఇరవై డిగ్రీల దాకా చల్లబరుస్తారు. వేడి సెన్సరులో లేని వెలుగు పుట్టుకొస్తుంది కాబట్టి ఆ చల్లదనం తప్పనిసరి.

దూరం నుంచి నడిపిన టెలిస్కోపుతో తీసింది మన ఫోటో ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. లడఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు ఉంది. మన శాస్త్రవేత్తలు దాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటెలో కూర్చుని, ఉపగ్రహ లింకు మీద నడుపుతారు. ఆ పరిశోధన ఫలితాలు వాళ్ళవి కావని ఎవరూ అనరు. ఎక్కడ గురిపెట్టాలి, ఎంతసేపు చూడాలి, ఏ వెలుగును పట్టాలి, ఏది వదలాలి అన్న నిర్ణయాల్లోనే ఫోటో ఉందని నా గట్టి నమ్మకం.

యాంటెన్నా గెలాక్సీల విషయంలో మొదటి నిర్ణయం, ఫ్రేము ఎంత వెడల్పుండాలన్నది. తోకల చివర్నుంచి చివరికి కొలిస్తే నిండు చందమామ వెడల్పులో మూడింట రెండు వంతులు ఉంటాయి. పొడుగు ఫోకల్ లెంగ్తు ఉన్న టెలిస్కోపు తీసుకుంటే నడిమధ్య భాగం బ్రహ్మాండంగా వస్తుంది, తోకలు మాత్రం ఫ్రేము దాటిపోతాయి. హబుల్ టెలిస్కోపు తీసిన ప్రసిద్ధమైన ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. గులాబీ రంగు మేఘాలు, నీలి చుక్కల గుంపులు, మధ్యలో గోధుమరంగు ధూళి చారలు, చూడముచ్చటగా ఉంటుంది. అందులో కొత్తగా పుట్టిన నక్షత్ర గుచ్ఛాలు వెయ్యికి పైగా ఉన్నాయని బ్రాడ్లీ విట్మోర్, ఫ్రాంస్వా ష్వైట్సర్‌ల బృందం 1997లో వెల్లడించింది. కానీ ఆ ఫోటోలో తోకలు లేవు. హబుల్ చూపు మరీ ఇరుకు. అర మీటరు అద్దమున్న అద్దె టెలిస్కోపు, కాస్త వెడల్పు చూపుతో, ఆ మొత్తం దృశ్యాన్ని ఒకే ఫ్రేములో పట్టగలదు. ఔత్సాహికులు చెయ్యగలిగిన పని ఇది. అద్దె డబ్బంతా మధ్యభాగం మీద ఖర్చుపెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇంతకూ ఆ తోకలు ఎలా వచ్చాయి? కాకినాడ తీరాన సముద్రాన్ని పొంగించే శక్తే వాటినీ లాగింది. చంద్రుడి ఆకర్షణ భూమికి దగ్గరి వైపు ఎక్కువగా, దూరపు వైపు తక్కువగా ఉంటుంది. ఆ తేడా వల్లే నీరు రెండు వైపులా ఉబ్బుతుంది. గెలాక్సీ పక్కనుంచి గెలాక్సీ దూసుకుపోయినప్పుడూ ఇదే తేడా పనిచేస్తుంది. అక్కడ లాగేది కోట్లాది సూర్యుళ్ళ బరువు, సాగేది కోట్లాది నక్షత్రాల గుంపు. గెలాక్సీ తిరిగే దిక్కూ, పక్కనుంచి పోయేది సాగే దిక్కూ ఒకటే అయితే, అంచునున్న నక్షత్రాలు చాలాసేపు దాని లాగుడులోనే ఉండిపోతాయి. అలా ఊడి విసిరేసినట్టు పోయిన నక్షత్రాల, వాయువుల ధారే తోక.

ఇది ఇవాళ మామూలు మాట. ఒకప్పుడు కాదు. కాలిఫోర్నియాలో హాల్టన్ ఆర్ప్ పాలొమార్ టెలిస్కోపులతో ఇలాంటి వింత గెలాక్సీలన్నిటినీ ఫోటోలు తీసి 1966లో 338 చిత్రాల అట్లాసు వేశాడు. యాంటెన్నా గెలాక్సీలు అందులో 244వవి. ఆ తోకలు అయస్కాంత శక్తుల పనో, గెలాక్సీ గర్భంలోంచి చిమ్ముకొచ్చినవో అని పెద్దపెద్దవాళ్ళే అనుకుంటున్న రోజులవి.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అంతకు పాతికేళ్ళ ముందుది. స్వీడన్‌లో, లుండ్ పట్టణంలో, ఎరిక్ హోమ్‌బెర్గ్ అనే ఖగోళ శాస్త్రవేత్త. కంప్యూటర్లు లేవు. రెండు గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుందో లెక్కగట్టాలి. గురుత్వాకర్షణ దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు తగ్గుతుంది. దీపం వెలుగూ సరిగ్గా అలాగే తగ్గుతుంది. ఈ ఒక్క పోలికను పట్టుకున్నాడాయన. ఒక్కో గెలాక్సీకి 37 బల్బుల చొప్పున మొత్తం 74 బల్బులు పేర్చాడు. ఒక బల్బు ఉన్న చోట దాన్ని తీసి ఫోటోసెల్ పెట్టి, నాలుగు దిక్కుల నుంచీ ఎంత వెలుగు పడుతోందో గాల్వనోమీటరు మీద కొలిచాడు. ఏ దిక్కున వెలుగెక్కువో ఆ దిక్కున లాగుడెక్కువ. ఆ లెక్కన బల్బును కొంచెం జరపాలి. తర్వాతి బల్బు. అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి. అలా చీకటి గదిలో రెండు గెలాక్సీలను ఒకదాని పక్కనుంచి ఒకటి నడిపించి, అవి సాగి వంకరపోవడం, ఒకదాన్నొకటి పట్టుకోగలగడం చూసి, 1941లో ప్రచురించాడు. ఎన్ని వేల కోట్ల రూపాయల సూపర్ కంప్యూటర్లు వచ్చినా ఆ 74 బల్బుల ముందు నేను తలవంచుతాను.

ఇక్కడ మన హైదరాబాదు వంతు ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఖగోళ శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ సాలెహ్ మొహమ్మద్ అల్లాదిన్, చికాగో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, ఢీకొనే గెలాక్సీల గతి శాస్త్రం మీద 1965లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. గెలాక్సీలు ఒకదాన్నొకటి దాటిపోయేటప్పుడు వాటి శక్తిలో ఎంత మార్పు వస్తుందన్నది ఆయన జీవితకాలపు లెక్క. 1982లో కె. ఎస్. వి. ఎస్. నరసింహన్‌తో కలిసి ఆయన రాసిన సమీక్షా వ్యాసాన్ని ఈ రంగంలోవాళ్ళు ఇప్పటికీ ఉదహరిస్తారు. మన ఊళ్ళో ఈ పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? తెలియాలి.

1972లో ఆలార్ టూమ్రె, యూరి టూమ్రె అనే అన్నదమ్ములు కంప్యూటర్ మీద, చుట్టూ తిరిగే కొద్దిపాటి చుక్కలతో, ఈ తోకల్ని తిరిగి పుట్టించి చూపించారు. యాంటెన్నా గెలాక్సీల ఆకారం తెరమీద అచ్చంగా వచ్చింది. దాంతో వాదం చాలావరకు తేలిపోయింది.

ఢీకొనడం అంటే నక్షత్రాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయేమో అనిపిస్తుంది. గుద్దుకోవు. సూర్యుణ్ణి మిరియపు గింజంత చేసి విజయవాడలో పెడితే, మనకు దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమాను రాజమండ్రిలో పెట్టాలి. మధ్యలో అంతా ఖాళీ. అలాంటి రెండు గుంపులు ఒకదానిలోంచి ఒకటి పోయినా గింజకు గింజ తగలదు. గుద్దుకునేవి వాయు మేఘాలు. అవి నలిగి, దట్టమై, కొత్త నక్షత్రాలను కంటాయి. ఫోటో మధ్యలో కనిపించే గులాబీ మచ్చలు ఆ పురిటి గదులే. ఈ రెండు గెలాక్సీల మొదటి తాకిడి జరిగి 60 కోట్ల సంవత్సరాలు అయి ఉంటుందని ఒక కంప్యూటర్ నమూనా చెబుతోంది. మన పాలపుంతకూ పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాకూ ఇదే గతి ఖాయమని ఎన్నో ఏళ్ళుగా చెప్పుకున్నాం. రాబోయే వెయ్యి కోట్ల ఏళ్ళలో అది జరిగే అవకాశం సగానికి సగమేనని 2025లో వచ్చిన ఒక అధ్యయనం అంటోంది.

ఇక ఫ్రేములు మన కంప్యూటర్‌లోకి వచ్చాక. ఐదు నిమిషాల ఎక్స్‌పోజరుతో తీసిన ఒక్క ఫ్రేము తెరిస్తే నల్లటి తెర మీద కొన్ని తెల్లటి చుక్కలు, అంతే. వెలుగును కాస్త పెంచితే మధ్యలో గుండె ఆకారంలో ఓ మచ్చ తేలుతుంది. రెండు గెలాక్సీల శరీరాలు అలా ఒరుసుకుని ఉంటాయి. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఉపగ్రహం గీసిన గీత. అక్కడక్కడా కాస్మిక్ కిరణాలు సెన్సరును తాకిన మచ్చలు. తోకలు? లేవు. ఉన్నాయి కానీ నాయిస్ అనే గజిబిజి మచ్చల్లో మునిగి ఉన్నాయి.

అందుకే ఫ్రేము మీద ఫ్రేము పేర్చాలి. దీన్ని స్టాకింగ్ అంటారు. నాలుగు ఫ్రేములు కలిపితే నాయిస్ సగానికి, పదహారు కలిపితే పావుకు తగ్గుతుంది. అంటే ఫలితం రెట్టింపు కావాలంటే సమయం నాలుగింతలు పెట్టాలి. ఓపికకు ఇంత కచ్చితమైన ధర ఉన్న పని నేను ఇంకోటి చూడలేదు. మూత వేసి తీసిన డార్క్ ఫ్రేములతో సెన్సరు సొంత వెలుగును తీసెయ్యాలి. సమానమైన వెలుతురు మీద తీసిన ఫ్లాట్ ఫ్రేములతో అద్దం మీది ధూళి మచ్చల నీడలను సరిచెయ్యాలి. ఉపగ్రహపు గీత ఒక్క ఫ్రేములోనే ఉంటుంది కాబట్టి మిగతావాటితో పోల్చి సాఫ్ట్‌వేరు దాన్ని తోసేస్తుంది. ఆకాశపు సొంత వెలుగును కొలిచి తీసెయ్యడం అన్నిటికంటే నాజూకైన పని. అక్కడ చెయ్యి బరువైతే తోక కూడా దాంతో పాటే పోతుంది. లేని తోకను పుట్టించే ప్రమాదమూ ఉంది. అందుకే నేను అక్కడ కృత్రిమంగా నునుపు చేసే సాధనాలు వాడను. కాస్త గరుకుగా ఉన్నా సరే, కెమెరా నిజంగా పట్టిన కాంతే ఉండాలి.

అప్పుడు స్ట్రెచ్ చెయ్యాలి, అంటే మసక భాగాల వెలుగును మెల్లగా పైకి తేవాలి. ముందు దక్షిణపు తోక పైకొస్తుంది. రెండిట్లో పొడుగైనది అదే. గుండె కింది నుంచి బయల్దేరి వంపు తిరిగి దూరంగా పోతుంది. 2007 డిసెంబరులో ఆ దక్షిణపు తోకలోనే ఒక సూపర్‌నోవా పేలింది. దాని పేరు 2007ఎస్ఆర్. ఆ జాతి సూపర్‌నోవాల అసలు ప్రకాశం తెలుసు కాబట్టి, కనిపించిన ప్రకాశంతో పోల్చి దూరం లెక్కగట్టారు. సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాలని తేలింది. అంతకుముందు ఒక కొలత 4.5 కోట్లేనని చెప్పింది. తోకలో పేలిన ఒక్క నక్షత్రం దూరం లెక్కను మార్చేసింది.

ఈ గెలాక్సీలున్న ఆకాశ భాగానికి హైదరాబాదుతో పాత సంబంధం ఉంది. 1887లో పారిస్‌లో దేశదేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు కూడి, ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫోటోలు తీద్దామని తీర్మానించారు. చిలీలోని శాంటియాగో వదిలేసిన పట్టీ హైదరాబాదు నిజామియా వేధశాలకు వచ్చింది. దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా. యాంటెన్నా గెలాక్సీలు ఉన్నది 19 డిగ్రీలకు కొంచెం ఇవతల, అంటే సరిగ్గా ఆ పట్టీలోనే. బేగంపేటలో 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫుతో, టి. పి. భాస్కరన్ లాంటివారి ఆధ్వర్యంలో, ఏళ్ళ తరబడి గాజు ప్లేట్ల మీద ఆ పట్టీని తీసి లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఆ ప్లేట్ల పని నక్షత్రాల స్థానాలు కొలవడమే. తోకల వంటి మసక వెలుగు వాటి లక్ష్యం కాదు. అయినా వందేళ్ళ క్రితం బేగంపేటలోనే ఫోటోలు తీసిన ఆ పట్టీలోని తోకల కోసం ఇవాళ మనం ఆస్ట్రేలియా కొండను ఆశ్రయించాల్సి వస్తోంది. దీపాలకు పైన మూత పెట్టి వెలుగును నేలకే మళ్ళిస్తే ఆకాశపు చీకటి కొంతైనా తిరిగొస్తుంది. అందుకు కొత్త శాస్త్రం ఏమీ అక్కర్లేదు.

ప్రయత్నించదలచినవారికి రెండు మాటలు. అమావాస్య ముందూ వెనకా వారాన్ని ఎంచుకోండి. వెన్నెల రాత్రుల అద్దె తక్కువగా ఉండొచ్చు, కానీ తోకలు దొరకవు. సమయంలో ఎక్కువ భాగం రంగు ఫిల్టర్ల మీద కాక, మొత్తం వెలుగును పట్టే ల్యూమినెన్స్ ఫిల్టరు మీద పెట్టండి. బడి పిల్లలతో చేయించాలనుకునే ఉపాధ్యాయులు, లాస్ కుంబ్రెస్ అబ్జర్వేటరీ విద్యా సంస్థల ద్వారా ఉచితంగా ఇచ్చే టెలిస్కోపు సమయం గురించి వాకబు చెయ్యండి. హబుల్ అసలు ఫ్రేములు కూడా ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అద్దెకు ముందు వాటితో చెయ్యి తిప్పుకోవడం మంచిది.

నాకు మిగిలిన పని దక్షిణపు తోక కొసన ఉంది. అక్కడ వాయువు, లేత నక్షత్రాలు ఓ ముద్దలా పోగుపడి ఉన్నాయి. అది విడివడి ఓ చిన్న గెలాక్సీగా నిలబడుతుందా, లేక చెదిరిపోతుందా అన్నదాని మీద శాస్త్రవేత్తలు వాదించుకుంటూనే ఉన్నారు. హైడ్రోజన్ వెలుగును మాత్రమే లోనికి వదిలే ఫిల్టరుతో, వచ్చే ఏప్రిల్ అమావాస్యకు, ఆ కొసనే గురిపెట్టాలని ప్రణాళిక రాసుకున్నాను.